నిప్పు, గ్యాసు, మధ్యలో గుంటూరు: బెలూన్ల చరిత్రపై ప్రసంగం

(గుంటూరులో విద్యార్థులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం బెలూన్ల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. నాకు ప్రాణమైన విషయం. మనిషి గాలిలోకి ఎగరడం అనగానే మనకు రైట్ సోదరులు, 1903 గుర్తొస్తాయి. కానీ అంతకు 120 ఏళ్ల ముందే, 1783లో, ఫ్రాన్సులో మనుషులు నేల వదిలి పైకి వెళ్లారు, క్షేమంగా దిగారు. మొదటి బెలూన్ బహిరంగంగా లేచిన రోజుకీ, మనిషి మూడు కిలోమీటర్ల ఎత్తుకు చేరిన రోజుకీ మధ్య ఆరు నెలలు కూడా లేవు.

ఆ ఆరు నెలల్లో రెండు దారులు పుట్టాయి. ఒకటి నిప్పు దారి, రెండోది గ్యాసు దారి. ఈ రెంటినీ ఒకే బెలూన్‌లో కలపబోయిన మనిషి ప్రాణం పోగొట్టుకున్నాడు. అవి ప్రమాదం లేకుండా కలవడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. అందుకు కావలసిన పదార్థం జాడ మొదట కనబడింది ఎక్కడో కాదు, ఇక్కడే, మన కోస్తా ఆకాశంలో. ఈరోజు నేను చెప్పదలచుకున్న కథ ఇదే.

ముందు కొంచెం లెక్క చూద్దాం. గాలికి బరువు ఉందని చదువుకుంటాం, కానీ ఎంత బరువో ఊహకు అందదు. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. ఈ హాలు పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు అనుకుంటే, ఇందులో ఉన్న గాలి 480 కిలోలు! ఇంత చోటునూ గాలి కంటే తేలికైన దానితో నింపగలిగితే, ఆ బరువులో తేడా ఎంతో అంత బరువును పైకి మోసుకుపోవచ్చు. నీళ్లలో చెక్క తేలడానికి ఆర్కిమెడీస్ చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తేలికైనది సంపాదించడానికి రెండే మార్గాలు. గాలినే వేడి చేసి పలచబరచాలి, లేదా గాలి కంటే తేలికైన వేరే గ్యాసు వాడాలి. గాలిని వంద డిగ్రీలకు వేడి చేస్తే ఘనపు మీటరుకు పావు కిలో మోసే శక్తి వస్తుంది. హైడ్రోజన్ అయితే కిలోకు పైగా మోస్తుంది.

మొదటి దారి మాంట్‌గోల్ఫియర్ సోదరులది. దక్షిణ ఫ్రాన్సులో అనోనే అనే ఊళ్లో వాళ్లది కాగితం తయారీ వ్యాపారం. అన్న జోసెఫ్ ఎప్పుడూ ఏదో ఒక ఆలోచనలో ఉండే మనిషి, తమ్ముడు ఎటియెన్ వ్యాపారం చూసుకునేవాడు. పొగలోనే పైకి లేపే గుణం ఏదో ఉందని వాళ్లు నమ్మారు. అందుకే గడ్డి, ఉన్ని కలిపి కాల్చి బాగా పొగ వచ్చేలా చేసేవాళ్లు. నిజానికి లేపింది పొగ కాదు, వేడి. కారణం తప్పుగా అనుకున్నా పని మాత్రం జరిగింది. 1783 జూన్ 4న, అనోనే సంత వీధిలో పెద్దలందరూ చూస్తుండగా, లోపల కాగితం అంటించిన గుడ్డ సంచీ ఒకటి పైకి లేచింది. గుడ్డ ముక్కల్ని కలిపి పట్టి ఉంచినవి గుండీలు. పది నిమిషాలు గాలిలో ఉండి, దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో దిగింది.

ఈ వార్త పారిస్ చేరింది. అక్కడ జాక్ చార్లెస్ అనే భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు ఉన్నాడు. ఇంటర్ పిల్లలకు ఈ పేరు బాగా తెలుసు. స్థిర పీడనం దగ్గర వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుందని చెప్పే చార్లెస్ నియమం ఈయన పేరు మీదే ఉంది. చార్లెస్ పొగ గురించి ఆలోచించలేదు. 1766లో ఇంగ్లండులో కావెండిష్ గుర్తించిన 'మండే గాలి', అంటే హైడ్రోజన్, ఆయన మనసులో మెదిలింది. కానీ దాన్ని పట్టి ఉంచే సంచీ ఏది? రాబర్ట్ సోదరులు అనే ఇద్దరు పనిమంతులు టర్పెంటైన్‌లో రబ్బరు కరిగించి పట్టుగుడ్డకు పూత పూసి ఆ చిక్కు విప్పారు. ఇనుప రజను మీద గంధకామ్లం పోస్తూ, రోజుల తరబడి గ్యాసు పట్టారు. సుమారు 500 కిలోల ఇనుము, 250 కిలోల ఆమ్లం అయిపోయాయి. బెలూన్ వ్యాసం చూస్తే నాలుగు మీటర్లే.

ఆగస్టు 27న పారిస్‌లో మార్స్ మైదానం నుంచి ఆ బెలూన్‌ను వదిలారు. చూడటానికి వచ్చినవాళ్లలో అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు. అది గోనెస్ అనే పల్లెలో పొలాల్లో పడింది. ఆకాశం నుంచి పడి, కదులుతూ, ఊపిరి పీలుస్తున్నట్టు లేస్తూ పడుతూ, కంపు కొడుతున్న ఆ వస్తువును చూసి రైతులు బెదిరిపోయారు. గడ్డి ఎత్తే పంగలకర్రలతో పొడిచి చీల్చేశారు. ఈ కథ చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. నవ్వవలసిన పని లేదని నా అభిప్రాయం. వాళ్లకు ముందుగా ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆ తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం బుద్ధి తెచ్చుకుని, ఇలాంటివి ఆకాశంలో కనిపిస్తే భయపడవద్దని ప్రజలకు ప్రకటన చేసింది. శాస్త్రం జనం నెత్తిమీదుగా వెళ్లేటప్పుడు జనానికి చెప్పి వెళ్లాలి. ఆ పాఠం నేర్పింది గోనెస్ రైతులే.

సెప్టెంబరు 19న వెర్సాయ్ రాజభవనం ముందు, పదహారో లూయీ రాజు చూస్తుండగా, ఎటియెన్ మాంట్‌గోల్ఫియర్ వేడిగాలి బెలూన్‌లో ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును పంపాడు. తమాషా కోసం ఎంచుకున్నవి కావు. గొర్రె శరీరం కొంత మనిషి శరీరం లాంటిది. బాతు ఎలాగూ ఎత్తుకు ఎగిరే పక్షి, కాబట్టి దానికి ఏమైనా అయితే అది ఎత్తు వల్ల కాదు, బెలూన్ వల్ల అని తెలుస్తుంది. కోడి పక్షే కానీ పైకి ఎగరదు. చక్కగా ఆలోచించి చేసిన ప్రయోగం అది. ఎనిమిది నిమిషాల తర్వాత మూడూ బతికే దిగాయి.

తర్వాతి వంతు మనిషిది. రాజుగారు మరణశిక్ష పడిన ఖైదీలను పంపుదామన్నాడు. పిలాత్ర్ ద రోజియే అనే యువకుడు దానికి ఒప్పుకోలేదు. మొదటిసారి ఆకాశానికి వెళ్లే గౌరవం ఖైదీలకు ఎలా ఇస్తారని పట్టుబట్టాడు. ఆయన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం బోధించేవాడు, వయసు ఇంకా ముప్ఫై దాటలేదు. సైనికాధికారి మార్కీస్ దార్లాండ్ తోడయ్యాడు. నవంబరు 21న ఇద్దరూ పారిస్ పశ్చిమ అంచున ఉన్న లా మ్యుయెట్ భవనం నుంచి లేచారు. చుట్టూ వరండాలా కట్టిన చోట ఎదురెదురుగా నిలబడి, మధ్యలో మంట మీద గడ్డి వేస్తూ, నిప్పురవ్వలు పడి గుడ్డ కాలుతుంటే తడి స్పాంజీలతో ఆర్పుకుంటూ, 25 నిమిషాలు పారిస్ మీదుగా తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి దిగారు. కట్టేసిన తాడు లేకుండా మనిషి చేసిన మొదటి ఆకాశయాత్ర అది.

పది రోజులకే, డిసెంబరు 1న, చార్లెస్ వంతు వచ్చింది. చాలా పుస్తకాలు దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. నాకు అది బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు త్విలరీ తోట నుంచి లేచిన బెలూన్‌ను, ఆ తర్వాత నూరేళ్లకు పైగా వాడిన గ్యాసు బెలూన్లను పక్కపక్కన పెట్టి చూడండి. ముఖ్యమైనవన్నీ మొదటి రోజే ఉన్నాయి. బరువు గుడ్డ మీద ఒకే చోట పడకుండా పైన కప్పిన వల. ఆ వలకు వేలాడే బుట్ట. కిందికి దిగాలంటే గ్యాసు వదలడానికి పైభాగాన వాల్వ్. పైకి లేవాలంటే పారబోయడానికి ఇసుక సంచులు. ఎత్తు కొలవడానికి బారోమీటరు. ఇవన్నీ ఒకే మనిషి, కొద్ది నెలల్లో ఆలోచించాడు. బయల్దేరే ముందు గాలి ఎటు ఉందో చూడటానికి వదిలే చిన్న బెలూన్‌ను మాంట్‌గోల్ఫియర్ సోదరుల్లో ఒకరి చేతికిచ్చి వదలమన్నాడు. పోటీదారుకు అంతటి మర్యాద చేయడం కూడా ఆయన గొప్పదనమే.

చార్లెస్, రాబర్ట్ సోదరుల్లో చిన్నవాడు కలిసి రెండు గంటలకు పైగా ప్రయాణించి, 36 కిలోమీటర్ల దూరంలో సాయంత్రం వేళ దిగారు. రాబర్ట్ బుట్టలోంచి దిగాడు. చార్లెస్ ఒక్కడే మళ్లీ లేచాడు. ఒక మనిషి బరువు తగ్గిన బెలూన్ ఆగుతుందా? కొద్ది నిమిషాల్లోనే మూడు వేల మీటర్ల ఎత్తుకు పోయింది. కింద సూర్యుడు అస్తమించాడు, పైకి వెళ్లేసరికి మళ్లీ కనిపించాడు, ఆయన కళ్లముందే రెండోసారి అస్తమించాడు. ఒకే రోజు రెండు అస్తమయాలు చూసిన మొదటి మనిషి చార్లెస్. చలికి గడ్డకట్టుకుపోతూ, చెవిలో భరించలేని నొప్పి వస్తుంటే వాల్వ్ లాగి దిగాడు. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ బెలూన్ ఎక్కలేదు.

ఇలా ఒకే సంవత్సరంలో రెండు రకాల బెలూన్లూ సిద్ధమయ్యాయి. రెంటికీ లోటు ఉంది. వేడిగాలి బెలూన్ ఎత్తును మంటతో అదుపు చేయవచ్చు, కానీ గడ్డి ఎంతసేపు వస్తుంది? అరగంట, గంట. గ్యాసు బెలూన్ చాలాసేపు ఉంటుంది, కానీ పగలు ఎండకు గ్యాసు వ్యాకోచిస్తుంది, కొంత వదిలేయాలి. రాత్రి చలికి సంకోచిస్తుంది, పడిపోకుండా ఇసుక పారబోయాలి. అంటే రోజు గడిచే కొద్దీ అటు గ్యాసూ ఇటు ఇసుకా ఖర్చవుతూనే ఉంటాయి. రెండూ అయిపోతే ప్రయాణం ముగిసినట్టే.

పిలాత్ర్ ద రోజియేకి ఈ రెంటినీ కలపాలనిపించింది. పైన హైడ్రోజన్ గోళం, కింద వేడిగాలి గొట్టం. ఇసుక పారబోయకుండా, గ్యాసు వదలకుండా, మంటతోనే పైకీ కిందికీ వెళ్లవచ్చు. ఆయన గమ్యం ఇంగ్లిష్ ఛానల్. అప్పటికే 1785 జనవరి 7న బ్లాంషార్ అనే ఫ్రెంచివాడు, జెఫ్రీస్ అనే అమెరికన్ వైద్యుడు డోవర్ నుంచి గ్యాసు బెలూన్‌లో ఫ్రాన్సు చేరారు. సముద్రంలో పడిపోకుండా లంగర్లు, తొడుక్కున్న బట్టలతో సహా అన్నీ నీళ్లలో పారేయాల్సి వచ్చింది. రోజియే ఎదురు దిశలో, ఫ్రాన్సు నుంచి దాటాలనుకున్నాడు. 1785 జూన్ 15న, పియర్ రొమాఁ అనే సహచరుడితో బులోన్ నుంచి లేచాడు. గాలి తిరగబడి బెలూన్‌ను మళ్లీ తీరం వైపు తోసింది. ఉన్నట్టుండి గోళం కుంగిపోయింది. ఇద్దరూ తీరం దగ్గరే నేలమీద పడి చనిపోయారు. హైడ్రోజన్ అంటుకుందా, గుడ్డే చిరిగిందా అన్న వాదన ఇప్పటికీ ఉంది. మనిషి మొదటి ఆకాశయాత్ర చేసినవాడే, మొదటి విమాన ప్రమాద మృతుల్లో ఒకడయ్యాడు. వయసు 31.

ఆయన్ను తెలివితక్కువవాడని కొట్టిపారేసేవాళ్లున్నారు. నిప్పు పక్కన హైడ్రోజన్ ఎవరైనా పెడతారా అంటారు. నేను ఒప్పుకోను. ఆలోచన నూటికి నూరు పాళ్లూ సరైనది. లేనిది ఒక్కటే, మండని తేలిక గ్యాసు. అలాంటిది భూమ్మీద ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

మహిళల గురించి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1784లో లియోన్‌లో ఎలిజబెత్ తీబుల్ వేడిగాలి బెలూన్‌లో స్వేచ్ఛగా ఎగిరిన మొదటి మహిళ అయింది. బ్లాంషార్ భార్య సోఫీ, భర్త పోయాక ఒంటరిగా బెలూన్ ప్రదర్శనలిస్తూ బతికింది. బెలూన్ నడపడాన్ని వృత్తిగా చేసుకున్న మొదటి మహిళ ఆమే. 1819 జూలైలో పారిస్‌లో, బుట్ట కింద బాణాసంచా కాలుస్తుండగా హైడ్రోజన్ అంటుకుని, ఓ ఇంటి కప్పు మీద పడి చనిపోయింది. మళ్లీ అదే శత్రుత్వం, నిప్పుకీ హైడ్రోజన్‌కీ.

పందొమ్మిదో శతాబ్దంలో శాస్త్రవేత్తలు బెలూన్లను ప్రయోగశాలలుగా చేసుకున్నారు. 1804లో గే-లుసాక్ ఒంటరిగా ఏడు వేల మీటర్ల ఎత్తుకు వెళ్లి గాలి నమూనాలు పట్టుకొచ్చాడు. 1862 సెప్టెంబరు 5న ఇంగ్లండులో గ్లేషర్, కాక్స్‌వెల్ ఇద్దరూ దాదాపు ఎవరెస్టు ఎత్తుకు, ఆక్సిజన్ లేకుండా పోయారు. గ్లేషర్ స్పృహ తప్పాడు. కాక్స్‌వెల్ చేతులు మంచుకు కొయ్యబారిపోతే వాల్వ్ తాడును పళ్లతో లాగి ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు. 1875లో 'జెనిత్' బెలూన్‌లో వెళ్లిన ముగ్గురు ఫ్రెంచివాళ్లకు ఆ అదృష్టం లేదు. ఆక్సిజన్ సంచులు పక్కనే ఉన్నా చేతులు లేవలేదు. తిసాందియే ఒక్కడే బతికి దిగాడు.

ఇప్పుడు గుంటూరుకు వద్దాం.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ మన తెలుగు నేల మీదుగా సాగింది. ప్రపంచం నలుమూలల నుంచీ ఖగోళ శాస్త్రవేత్తలు దిగారు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడు పూర్తిగా కప్పుకుపోయిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసే జ్వాలల వెలుగును, రంగు గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌లో చూశాడు. గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, వీటిని చూడటానికి గ్రహణమే అక్కర్లేదని ఆయనకు తట్టింది. మర్నాడే, మామూలు ఎండలో, ఇదే గుంటూరులో చూసి రుజువు చేసుకున్నాడు. ఒక్కో మూలకం వెలుగులో దానికే చెందిన గీతలు కనిపిస్తాయి. ఆ గ్రహణంలో పలువురు ఒక పసుపు గీతను గమనించి, సోడియం గీత అనుకున్నారు. పోగ్సన్ మాత్రం అది సోడియం గీత ఉండాల్సిన చోట సరిగ్గా లేదేమోనని సందేహించాడు. ఆ శరత్తులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే ఆ గీతను కొలిచి, అది సోడియం కాదని తేల్చాడు. చివరికి అదొక కొత్త మూలకం అన్నారు. అదే హీలియం. భూమ్మీద అది రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త చేతికి చిక్కింది 1895లో. కాబట్టి హీలియంను గుంటూరులో కనిపెట్టారు అని మనవాళ్లు గర్వంగా చెప్పుకునే మాటలో కొంత సర్దుబాటు అవసరం. జాన్సెన్ కనిపెట్టింది చూసే పద్ధతిని. మూలకాన్ని గుర్తించిన ఘనత లాకియర్‌ది. అంతమాత్రాన మన ఊరి పాత్ర చిన్నదేమీ కాదు.

ఈ జాన్సెన్‌కు బెలూన్లతో ఇంకో సంబంధం ఉంది. 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించింది. బయటికి దారి ఆకాశమొక్కటే. ఆ నాలుగు నెలల్లో అరవైకి పైగా బెలూన్లు ఉత్తరాలతో, మనుషులతో నగరం దాటాయి. మంత్రి గాంబెట్టా కూడా అలాగే బయటపడ్డాడు. డిసెంబరు 22న అల్జీరియాలో మరో సంపూర్ణ గ్రహణం. జాన్సెన్ పారిస్ లోపల చిక్కుకుపోయాడు. శత్రువుల అనుమతి కోసం ఎదురుచూడకుండా, డిసెంబరు 2 తెల్లవారుజామున స్పెక్ట్రోస్కోప్ భాగాలను బుట్టలో పెట్టుకుని 'వోల్టా' అనే బెలూన్ ఎక్కాడు. శత్రుసేనల మీదుగా ఎగిరి అట్లాంటిక్ తీరం దగ్గర దిగి, అక్కడి నుంచి ఆఫ్రికా చేరాడు. గ్రహణం రోజు మబ్బులు కమ్మేశాయి. ఏమీ కనబడలేదు. అయినా నాకు ఈ మనిషి మీద గౌరవం పెరుగుతుందే కానీ తగ్గదు.

హీలియం మండదు. మోసే శక్తి హైడ్రోజన్ కంటే ఏడెనిమిది శాతమే తక్కువ. ఇబ్బందల్లా దొరకడంలోనే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో సహజవాయువుతో కలిసి దొరికింది, కానీ ఆ దేశం ఎగుమతిని కట్టడి చేసింది. జర్మనీవాళ్ల హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్‌ను హీలియం కోసమే డిజైన్ చేసి, దొరక్క హైడ్రోజన్ నింపారు. 1937 మే 6న అది తగలబడి 36 మంది పోయారు.

ఇక 1999కి రండి. ఆ మార్చి 1న స్విట్జర్లాండ్‌లో బెర్ట్రాండ్ పికార్డ్, బ్రయన్ జోన్స్ ఒక బెలూన్‌లో బయల్దేరారు. ఈ బెర్ట్రాండ్ తాతగారు ఆగస్ట్ పికార్డ్. గాలి చొరబడని అల్యూమినియం గోళంలో కూర్చుని 1931లో 15,781 మీటర్ల ఎత్తుకు వెళ్లి, స్ట్రాటోస్ఫియర్ చూసి వచ్చిన మహానుభావుడు. మనవడి బెలూన్ పైభాగంలో హీలియం, కింద వేడిగాలి. రాత్రి చలికి హీలియం ముడుచుకోకుండా ప్రొపేన్ మంటతో వెచ్చబెడుతూ, భారతదేశం మీదుగా కూడా సాగి, 40 వేల కిలోమీటర్లకు పైగా తిరిగి, మార్చి 21న ఈజిప్టు ఎడారిలో దిగారు. ఎక్కడా ఆగకుండా బెలూన్‌లో భూమిని చుట్టిన మొదటి యాత్ర అది. పిలాత్ర్ ద రోజియే 1785లో గీసుకున్న నమూనాయే, గ్యాసు ఒక్కటే మారింది. ఆ రకం బెలూన్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు.

చివరిగా మన హైదరాబాద్ సంగతి. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, ఎత్తుకు పోయే కొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కొలిచాడు. అది ఆకాశం నుంచి వస్తోందన్న మాట. కాస్మిక్ కిరణాల శాస్త్రం అలా మొదలైంది, 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. హోమీ భాభాకు ఇష్టమైన రంగం ఇదే. ఆయన స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో, అక్కడ తక్కువ శక్తి ఉన్న కిరణాలు చాలావరకు అడ్డుకోబడతాయి, ఎక్కువ శక్తి ఉన్నవే మిగులుతాయి. పరిశోధకులకు అది వరం. పలచటి పాలిథిన్‌తో చేసిన ఆ బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల వ్యాసంతో, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి. మనుషులు ఎక్కరు కాబట్టి వాటిలో ఇప్పటికీ హైడ్రోజనే నింపుతారు.

2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి లేచిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి నమూనాలు తెచ్చింది. వాటిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, పుణె శాస్త్రవేత్తలు అంతకుముందు ఎవరికీ తెలియని మూడు రకాల బ్యాక్టీరియాను గుర్తించారు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త హోయిల్ పేరు పెట్టారు. మామూలు బ్యాక్టీరియా కంటే ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకుంటాయి.

ఈ పరికరాలు పని అయ్యాక పెద్ద రంగుల పారాచ్యూట్‌తో హైదరాబాద్‌కు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలోనైనా దిగవచ్చు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో పెద్ద గుండ్రటి క్యాప్సూల్ ఒకటి దిగితే ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. అది ఓ స్పెయిన్ కంపెనీ ప్రయోగం కోసం ఇక్కడి నుంచే పంపింది. కాబట్టి ఉపాధ్యాయులకు నా విన్నపం. మీ పల్లెల పిల్లలకు, రైతులకు ఈ సంగతి చెప్పండి. పొలంలో పారాచ్యూట్, పొడవాటి తాడు, దానికి కట్టిన పెట్టెలు కనిపిస్తే ఎవరూ ముట్టుకోవద్దు, విప్పవద్దు. కొన్నిటిలో హై వోల్టేజి ఉంటుంది, లోపలి సమాచారం చెడితే ఏళ్ల కష్టం పోతుంది. పెట్టె మీద ఫోన్ నంబరు, చిరునామా ఉంటాయి. ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, శాస్త్రవేత్తలే వచ్చి తీసుకెళతారు.

ఇంతసేపు విన్నందుకు ధన్యవాదాలు. ప్రశ్నలుంటే అడగండి, ముందు పిల్లల నుంచి మొదలుపెడదాం.